మాస్టారి దగ్గరికి తిరిగి వచ్చిన మాట: ఒక అఫేసియా కేస్ స్టడీ

స్పీచ్ థెరపిస్టు ఒక రోగితో వారానికి రెండు గంటలు గడపగలదు, మహా అయితే మూడు. మెదడుకు దెబ్బ తగిలి మాట పోవడాన్ని, తడబడటాన్ని అఫేసియా అంటాం. పక్షవాతంతో అలా మాట పడిపోయిన మనిషికి ఆ కాస్త సమయం చాలదు. మిగతా వేళల్లో ఆయన చుట్టూ ఎవరున్నారు, ఆయనతో ఎలా మాట్లాడుతున్నారు, ఆయన ఒక మాట కోసం వెతుక్కుంటుంటే ఎంతసేపు ఆగుతున్నారు అన్నవాటి మీదే ఫలితం చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఇది మా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతే అయినా, కేసు రాసేటప్పుడు పరీక్షలూ మార్కులూ రాసి ఆ మనుషులను వదిలేస్తాం. ఈసారి వాళ్ళ గురించే ఎక్కువగా రాయాలనుకున్నాను.

రోగి పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడు. ఆయన మీద కృతజ్ఞత ఉన్నవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో వందల్లో ఉంటారు. ఆ కృతజ్ఞత మొదటి నెలల్లో ఆయన మాటకు అడ్డుపడింది. తరువాత, దానికి ఒక పని అప్పగించాక, నా వైద్యం కంటే ఎక్కువ మేలు చేసింది. కుటుంబం అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను. ఆయన్ను ఇక్కడ మాస్టారు అనే అంటాను, ఊరంతా అలాగే అంటుంది కనుక.

జరిగింది

అప్పటికి మాస్టారి వయసు 67. గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో మూడు దశాబ్దాలకు పైగా తెలుగు చెప్పారు. చదివింది భాషాప్రవీణ. బీపీకి మందులు వాడుతున్నా మధ్యమధ్య మానేసేవారు. ఒక చలికాలం తెల్లవారుజామున నిద్ర లేచేసరికి కుడి చెయ్యి కదల్లేదు, మూతి ఒక పక్కకు లాగేసింది, భార్యను పిలవబోతే శబ్దం తప్ప మాట రాలేదు. 108 వాహనం త్వరగానే వచ్చింది. అయితే మెదడులోని రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వవలసినది. నిద్రలో వచ్చిన పక్షవాతం ఎప్పుడు మొదలైందో ఎవరు చెప్పగలరు? ఆయన చివరిసారి బాగా మాట్లాడింది రాత్రి పడుకునే ముందు. ఆ అవకాశం అలా పోయింది. ఎమ్మారైలో మధ్య మస్తిష్క ధమని రక్తం అందించే ప్రాంతంలో, ఎడమ మెదడు ముందు భాగాన, దెబ్బ స్పష్టంగా కనిపించింది.

కాలు ఫిజియోథెరపీతో బాగానే తేరుకుంది. చేతి వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా వశంలో లేవు. నా దగ్గరికి తీసుకువచ్చేనాటికి ఆయనకు మిగిలిన మాటలు రెండే: "అదే", "కాదు". ఏది చెప్పాలన్నా "అదే... అదే..." అనేవారు. కోపానికి ఒక "అదే", బతిమాలడానికి ఒక "అదే", ఆకలికి ఒక "అదే". స్వరం మారేది, మాట మారేది కాదు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు ఇలాంటి మనిషినే చూశాడు. లెబోర్న్ అనే ఆ రోగి ఏమడిగినా "టాన్" అనే అనేవాడు. అతను చనిపోయాక మెదడు పరీక్షించి, ఎడమ వైపు ముందు భాగంలో దెబ్బ ఉందని బ్రోకా చూపించాడు. ఆ ప్రాంతానికీ, ఈ రకం అఫేసియాకూ ఆయన పేరే స్థిరపడింది. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడోవంతు మందికి ఏదో ఒక రకం అఫేసియా ఉంటుంది.

పరీక్షలో తేలింది

అఫేసియా తీవ్రతను కొలిచే వెస్టర్న్ అఫేసియా బ్యాటరీ అనే పరీక్షలో ఆయన మొత్తం స్కోరు వందకు ముప్ఫై చేరలేదు. అయితే ఆ అంకె లోపల ఎత్తుపల్లాలు చాలా ఉన్నాయి. చెప్పింది అర్థం చేసుకోవడం మెరుగ్గా ఉంది. "కళ్ళజోడు తీసి పుస్తకం మీద పెట్టండి" అంటే పెట్టేవారు. పొడుగాటి వాక్యమైతే తడబడేవారు. నేనన్న మాట తిరిగి అనమంటే పెదవులు, నాలుక ఎక్కడ పెట్టాలో వెతుక్కునేవారు. కండరాల్లో బలం ఉన్నా వాటికి ఆజ్ఞ సరిగా అందకపోవడాన్ని అప్రాక్సియా అంటాం. అది కూడా కొంత ఉంది. వార్తాపత్రిక శీర్షికలు చదివి తల ఊపేవారు. ఎడమ చేత్తో తన పేరు రాస్తే ఒత్తులు జారిపోయేవి. ఒత్తులు జారాయని ఆయనకు తెలిసేది. చూసుకుని కొట్టేసేవారు. ఆ కొట్టివేత నాకెంతో ఆశ కలిగించింది. తప్పును తానే గుర్తించగలిగిన రోగితో ఎంతో దూరం ప్రయాణం చేయవచ్చు.

కుటుంబాన్ని ఆశ్చర్యపరిచిన విషయం వేరే ఉంది. నేను ఒక శతక పద్యం మొదటి రెండు మాటలు అందించగానే ఆయన మిగిలిన పాదం మొత్తం, ఒక్క అక్షరం పోకుండా, రాగంతో చదివేశారు. కూతురు ఏడ్చేసింది. "నాన్నకు మాట వచ్చేసింది" అంది. అప్పుడు వాళ్ళకు నెమ్మదిగా చెప్పవలసి వచ్చింది: ఎక్కాలు, వారాల పేర్లు, ప్రార్థనలు, పద్యాలు ఏళ్ళ తరబడి నాలుక మీద ఆడి ఆడి ఒక ముద్దగా దాచుకున్న మాటలు. మనసులో పుట్టిన కొత్త విషయాన్ని అప్పటికప్పుడు వాక్యంగా కూర్చడం వేరే పని. పందొమ్మిదో శతాబ్దంలోనే ఇంగ్లండ్ వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ ఈ రెండింటినీ విడదీసి చూపించాడు. నాలుగు పాదాల పద్యం చదివిన మనిషి మరుక్షణం మంచినీళ్ళు అడగలేకపోవచ్చు. మాస్టారి విషయంలో జరిగింది అదే.

కూతురు మరో ప్రశ్న అడిగింది. నాన్నకు సంస్కృతం బాగా వచ్చు, హిందీ కూడా కొంత వచ్చు, అది సాయపడుతుందా అని. హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటి కంటే ఎక్కువ భాషలు వచ్చినవారిలో 40.5 శాతం మందికి ఆలోచన, జ్ఞాపకశక్తి మామూలుగా నిలిచాయి. ఒకే భాష వచ్చినవారిలో అది 19.6 శాతమే. కానీ అఫేసియా వచ్చే విషయంలో మాత్రం రెండు వర్గాలకూ తేడా కనిపించలేదు. ఆమెకు ఉన్నదున్నట్లే చెప్పాను.

రెండు సూర్యగణాలు

పద్యం వస్తోంది కనుక అక్కడి నుంచే మొదలుపెట్టాను. 1973లో బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు ప్రతిపాదించిన రాగ చికిత్స ఒకటుంది. చిన్న వాక్యాన్ని కొద్దిపాటి స్వరభేదంతో పాడినట్లుగా పలికించాలి, ఒక్కో అక్షరానికి ఎడమ చేత్తో దరువు వేయించాలి. మొదట థెరపిస్టు గొంతు కలుపుతుంది. క్రమంగా తన గొంతు తగ్గించుకుంటుంది. చివరికి రోగి ఒంటరిగా, మామూలు మాటలా అనాలి.

ఇంగ్లీషుకు తయారైన ఆ పద్ధతిని తెలుగులోకి ఎలా తెచ్చుకోవాలన్న ప్రశ్నకు మాస్టారే జవాబు. దరువు వేయమంటే ఆయన చెయ్యి దానంతటదే పద్యంలో నిలిపి పలికే అక్షరమైన గురువు దగ్గర ఆగి, పొట్టిగా పలికే లఘువు దగ్గర తేలిపోయేది. మొదటి వాక్యంగా "మంచినీళ్ళు" తీసుకున్నాం. మం, చి, నీ, ళ్ళు. గురువు, లఘువు, గురువు, లఘువు. పలక మీద నేను యు, ఐ గుర్తులు వేసి చూపిస్తే ఆయన వాటిని రెండేసిగా గీత గీసి విడగొట్టి, రెండు వేళ్ళు చూపించి నవ్వారు. ఛందస్సులో గురువు, లఘువు జత హగణం. ఇక్కడ రెండు హగణాలు, అంటే రెండు సూర్యగణాలు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదటిసారి అని భార్య చెప్పారు. "మంచినీళ్ళు" రావడానికి దాదాపు నెల పట్టింది. వచ్చాక మాత్రం పోలేదు. దాని వెనకే "కాఫీ", "వద్దు", "నొప్పి", "తలుపు వెయ్యి" వచ్చాయి. మా పనిలో ఇదే వేగం. కొత్తగా వచ్చే థెరపిస్టులు దీనికి నిరుత్సాహపడకూడదు.

వచ్చినవాళ్ళు చేసిన చేటు

ఈలోగా ఇంట్లో పరిస్థితి బాగాలేదు. కబురు తెలిసి శిష్యులు వస్తూనే ఉన్నారు. కాళ్ళకు మొక్కేవారు, చేతులు పట్టుకుని ఏడ్చేవారు. "మీ దయ వల్లే ఇంతవాళ్ళమయ్యాం మాస్టారూ" అనేవారు. ఒక్కొక్కరూ గడగడా తమ ఉద్యోగాలు, పిల్లల చదువులు చెప్పేవారు. ఆయన "అదే..." అని ఏదో చెప్పబోతే నలుగురూ నాలుగు మాటలు అందించేవారు: "నీళ్ళా? పడుకుంటారా? బాత్రూమా?" వాటిలో ఏదీ ఆయన చెప్పదలచుకున్నది కాదు. చెవిటివారితో మాట్లాడినట్లు గట్టిగా అరిచేవారు కొందరు. ఇంకొందరు ఆయన ఎదురుగానే భార్యతో "తెలుస్తోందా అమ్మగారూ ఆయనకు?" అని అడిగేవారు. వాళ్ళు వెళ్ళిపోయాక మాస్టారు గోడ వైపు తిరిగి పడుకునేవారు.

మూడో నెలకు ఆయన నా దగ్గర కూడా చెయ్యి విదిలించి పలక పక్కకు నెట్టేయడం మొదలైంది. పక్షవాతం తరువాత మానసిక కుంగుబాటు చాలా సాధారణం. అఫేసియా ఉన్నవారు తమ బాధ చెప్పుకోలేరు కనుక దాన్ని కనిపెట్టడం ఆలస్యమవుతుంది. మానసిక వైద్యుడికి చూపించాం, మందులు మొదలుపెట్టారు. అవి పనిచేశాయి. అయితే ఇంటి వాతావరణం మారకుండా మందులు ఒక్కటే సరిపోవని నాకు అనిపించింది.

మార్పు భార్యతో మొదలుపెట్టాలి. ఆమె ఐదో తరగతి వరకు చదివారు. ఆయన నోరు తెరవకముందే ఆయనకేం కావాలో ఆమెకు తెలిసిపోతుంది, నలభై ఏళ్ళ సంసారం మరి. "నేను మాట అందిస్తే తప్పేముందమ్మా? ఆయన అలా కొట్టుమిట్టాడుతుంటే చూస్తూ ఎలా కూర్చోమంటావు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు పుస్తకం నుంచి జవాబు చెబితే సరిపోదు. ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు పక్కనే ఉండి చూపించాను. పెరుగు కావాలని ఆయనకు. ఆమె చెయ్యి గిన్నె మీదికి పోయింది. ఆపమని సైగ చేశాను. మనసులో నెమ్మదిగా పది లెక్కపెట్టమన్నాను. ఎనిమిదికో తొమ్మిదికో "పె... పెరు" అన్నారు మాస్టారు. ఆమె అప్పుడు పెరుగు వడ్డించారు. ఆ తరువాత ఆమెకు నేను మరోసారి చెప్పవలసిన అవసరం రాలేదు. ఈ కేసులో నేను అందరికంటే ఎక్కువగా గౌరవించే మనిషి ఆవిడే. రోజుకు మూడు పూటలా, ఎవరూ చూడని చోట, పది లెక్కపెట్టుకుంటూ కూర్చున్నది ఆమె.

కండక్టరు

వచ్చిపోయే శిష్యుల్లో ఒకతను వేరుగా ఉండేవాడు. ఆర్టీసీలో కండక్టరు. సెలవు దొరికిన రోజున వచ్చేవాడు, కుర్చీ మాస్టారికి ఎదురుగా, ఆయన కళ్ళ ఎత్తుకు జరుపుకుని కూర్చునేవాడు. తనకై తాను ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మాస్టారు "అదే" అంటే "చెప్పండి మాస్టారూ" అని ఆగేవాడు. ఎంతసేపైనా సరే. ఎవరూ నేర్పకుండానే ఇతనికి ఇది ఎలా వచ్చిందని అడిగాను.

"చిన్నప్పుడు నాకు నత్తి మేడమ్. పాఠం చదవమంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవాణ్ణి. వెనక బెంచీలు నవ్వేవి. మాస్టారు వాళ్ళను కసిరేవారు కాదు, నన్ను కూర్చోమనేవారు కాదు. అలా నిలబడి ఎదురుచూసేవారు. పద్యమైతే నాతోపాటు గొంతు కలిపేవారు. రెండో పాదానికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గిపోయేది. నేను చదువుతూనే ఉండేవాణ్ణి. ఆయన ఆపేశారని చివర్న తెలిసేది."

నత్తి ఉన్నవారు పాడేటప్పుడు, మరొకరితో గొంతు కలిపి చదివేటప్పుడు చాలావరకు తడబడరని మా పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. మాస్టారు ఆ పుస్తకాలు చదివి ఉండరు. తరగతిలో ఒక పిల్లవాణ్ణి గమనించి తనంతట తాను కనిపెట్టుకున్నారు. గొంతు కలపడం, క్రమంగా తగ్గించడం. నేను మాస్టారికి చేస్తున్నదీ అదే. దాన్ని చిన్నప్పుడు తన నాలుక మీద అనుభవించిన మనిషి ఎదురుగా ఉన్నాడు. ఆ రోజే అతనికి పద్ధతి పూర్తిగా నేర్పాను. నా కంటే బాగా చేసేవాడు. ఎప్పుడు గొంతు తగ్గించాలో అతనికి చెవే చెప్పేది.

శాలువా గురించి వచ్చిన పేచీ

అదే సమయంలో ఒక పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ బృందంలో ఆత్మీయ సమ్మేళనం ప్రతిపాదన వచ్చింది. కళ్యాణ మంటపం, ఫ్లెక్సీలు, మాస్టారికి శాలువా, జ్ఞాపిక, ఆ తరువాత భోజనాలు. మన ఊళ్ళలో ఇప్పుడు ఇది అందమైన ఆచారం. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. ఎన్నో ఏళ్ళ తరువాత పిల్లలు గుర్తుపెట్టుకుని పిలిస్తే ఏ గురువు గుండె ఉప్పొంగదు? కానీ అప్పటి మాస్టారిని వేదిక ఎక్కించి, మైకు ముందు పెట్టి, ఆయన "అదే" అంటుంటే మూడు వందల మంది కన్నీళ్ళు పెట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఆయనకూ ఇష్టం లేదు. అడిగితే "కాదు, కాదు" అని రెండుసార్లు అన్నారు.

బృందంలో పెద్దలతో మాట్లాడాను. సన్మానం వాయిదా వేయండి, దాని బదులు ఒక్కొక్కరూ వారానికి ఒక గంట ఇవ్వండి అన్నాను. కొందరు నొచ్చుకున్నారు. "మా మాస్టారికి మేం చేసుకుంటే మధ్యలో మీకేమిటి" అన్నవాళ్ళూ ఉన్నారు. చివరికి పదిమందికి పైగా ముందుకు వచ్చారు: ట్రాక్టరు మెకానిక్కు, బ్యాంకు ఉద్యోగి, కుట్టుమిషను మీద బతికే ఆవిడ, డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకతను వీడియో కాల్ ద్వారా.

వాళ్ళకు ఒక ఆదివారం శిక్షణ పెట్టాను. దానికి ఆధారం టొరంటోలో ఆరా కేగన్ రూపొందించిన పద్ధతి. అఫేసియా ఉన్న మనిషి తెలివి చెక్కుచెదరలేదని ముందు మాటల్లోనూ ముఖంలోనూ తెలియజేయాలి, ఆ తెలివి బయటకు రావడానికి దారి వెయ్యాలి అన్నది దాని సారం. ఆచరణలో అది చాలా చిన్న విషయాలుగా ఉంటుంది. టీవీ ఆపెయ్యాలి. ఒకసారి ఒకరే మాట్లాడాలి. ముఖ్యమైన మాట పలక మీద పెద్దక్షరాలతో రాసి చూపాలి. ఆయన అన్నది మీకు అర్థమైనంత మేరకు తిరిగి చెప్పి, సరేనా అని అడగాలి. అర్థం కాకపోతే అర్థమైనట్లు నటించకూడదు. ఆయనకు తెలిసిన వస్తువు చూపించి "ఇదేమిటి చెప్పండి" అని చిన్నపిల్లవాడిని అడిగినట్లు అడగకూడదు. ఈ చివరిదాని దగ్గరే అందరూ తప్పటడుగు వేశారు. ప్రేమ ఎక్కువైనప్పుడు పరీక్ష పెట్టాలనిపిస్తుంది కాబోలు.

సంక్రాంతి తరువాత సగం మంది జారిపోయారు. వాళ్ళను తప్పుపట్టను, ఎవరి బతుకు వారిది. ఒక విషయం మాత్రం తోటి థెరపిస్టులకు చెప్పాలి: మొదటి రోజు ఎక్కువగా ఏడ్చినవాళ్ళు చివరిదాకా ఉంటారని అనుకోవద్దు. ఉన్నవాళ్ళు ముగ్గురు నలుగురు. వాళ్ళకు నేను నిర్ణీతమైన రోజు, నిర్ణీతమైన పని ఇచ్చాను. ప్రతి గంట తరువాత ఏం చేశారో ఒక నోటుపుస్తకంలో రాయించాను. వైద్య పరిశోధనలు కూడా మోతాదు గురించే మాట్లాడతాయి. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ అఫేసియా చికిత్స మీద 2016లో వెలువరించిన సమీక్ష 57 పరిశోధనలను, 3002 మంది రోగులను కలిపి చూసింది. చికిత్స పనిచేస్తుందని, ఎక్కువ గంటలు, ఎక్కువ కాలం ఇస్తే మేలు ఎక్కువగా ఉండవచ్చని అందులో తేలింది. అయితే అంత ఒత్తిడి తట్టుకోలేక మధ్యలో మానేసేవారూ ఎక్కువే. మాస్టారు మానేయలేదు. ఆయనకు అవి చికిత్స గంటల్లా అనిపించలేదు కనుక అని నా నమ్మకం.

తప్పు చదివిన పిల్లవాడు

కుట్టుమిషను ఆవిడ ఒకరోజు ఎనిమిదో తరగతి చదివే కొడుకును వెంట తీసుకువచ్చింది. వాడు హోంవర్కు కోసం పద్యం చదువుతూ ఒక మాటను విరవకూడని చోట విరిచాడు. మాస్టారు చటుక్కున తల తిప్పి "కాదు!" అన్నారు. పిల్లవాడు మళ్ళీ అలాగే చదివాడు. "కాదు కాదు" అని, తొడ మీద దరువు వేసి, ఆ పాదం సరిగ్గా చదివి, ఆగి, "ఇలా... చదువు" అన్నారు.

"ఇలా చదువు." ఎవరూ అందించని, ముందే కంఠస్థం లేని, క్రియతో ముగిసిన వాక్యం. మూడున్నర నెలలుగా నేను దానికోసమే ఎదురుచూస్తున్నాను.

బ్రోకా అఫేసియాలో నామవాచకాలు కొంత ముందు తిరిగి వస్తాయి, క్రియలు మొరాయిస్తాయి. మాస్టారు "నేను... బడి... పిల్లలు" అనేవారు, క్రియ దగ్గర ఆగిపోయేవారు. తెలుగులో క్రియ చివరే ఎవరు, ఎప్పుడు అన్న సంగతంతా ఉంటుంది. అది రాకపోతే వాక్యం గాలిలో ఉంటుంది. 2009లో ఎడ్మండ్స్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ప్రచురించిన ఒక చికిత్సలో ఒక క్రియను తీసుకుని, ఆ పని ఎవరు చేస్తారు, దేన్ని చేస్తారు అని జంటలు చెప్పిస్తారు. దాన్ని మాస్టారికి వివరించబోతే ఆయన పలక లాక్కుని ఎడమ చేత్తో మూడు మాటలు రాశారు: కర్త, కర్మ, క్రియ. ఒత్తులతో సహా. ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద రాసిన మాటలవి. అప్పటి నుంచి చికిత్స ఆయన పాఠంగా మారింది. పిల్లవాడు "కోస్తాడు" అని క్రియ చెబుతాడు. మాస్టారు "రైతు... వరి" అంటారు. పిల్లవాడు కావాలని "రైతు పాలు కోస్తాడు" అంటాడు. మాస్టారికి కోపం వస్తుంది, "పాలు పితుకు... తాడు!" అని దిద్దుతారు. తప్పును దిద్దకుండా ఉండలేని ఆయన స్వభావమే ఆ క్రియలను బయటకు లాగింది. బతికినంతకాలం ఏ పని మనిషిని తీర్చిదిద్దిందో ఆ పని తిరిగి చేతికిస్తే మాట దాని వెంట వస్తుందని నేను ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. ఇతర రోగుల కోసం కూడా మొదటి ప్రశ్నగా ఇదే అడుగుతున్నాను: పక్షవాతానికి ముందు మీరు లేకపోతే ఆగిపోయే పని ఏది?

బుధవారం అన్నం

ఒక సంఘటన పరీక్ష పత్రంలో ఎక్కడా ఇమడలేదు. వారాల పేర్లు చెప్పించడం మామూలు అభ్యాసం. మాస్టారు ఆది, సోమ, మంగళ అని వరుసగా వచ్చి బుధవారం దగ్గర ఆగి "అన్నం" అనేవారు. నియమం ప్రకారం దాన్ని తప్పు మాటగా గుర్తించాలి. కానీ అన్నప్పుడల్లా ఆయన కళ్ళు చెమర్చేవి. ఒక మాట మరో మాటకు బదులు జారినప్పుడు మనిషి అలా ఉండరు.

పలక మీద రాస్తూ, అవును కాదు ప్రశ్నలు అడుగుతూ, భార్య సాయంతో విషయం కూడగట్టాం. ఆయన ఓరియంటల్ కళాశాలలో చదివేటప్పుడు వారాలు చేసుకుని చదువుకున్నారు. రోజుకొక ఇంట్లో భోజనం. బుధవారం ఇల్లు ఆయన గురువుగారిది. అక్కడ వడ్డన అయ్యాక గురుపత్ని విస్తరి ముందు కూర్చుని, ఆ వారం నేర్చుకున్న శ్లోకం చెప్పమనేవారట. మరచిపోతే గుర్తు వచ్చేదాకా ఆగేవారట. ఈ మాట భార్యకు కూడా అప్పుడే తెలిసింది. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. మాట పోయాక చెప్పారు.

కండక్టరుకు ఈ సంగతి చెబితే కాసేపు ఏమీ అనలేదు. తరువాత "మాకు అందింది ఆవిడ ఆగిన ఆగడమే అన్నమాట మేడమ్" అన్నాడు.

వెనకడుగు

తొమ్మిదో నెలలో ఫిట్స్ వచ్చాయి. పక్షవాతం తరువాత కొందరికి ఇలా వస్తుంది. మందులతో అదుపులోకి వచ్చాయి కానీ కొన్ని వారాలపాటు మత్తుగా ఉండేవారు, కూడబెట్టుకున్న మాటల్లో చాలా భాగం కనిపించకుండా పోయింది. మళ్ళీ "అదే" మొదలైంది. శిష్యులు బెంబేలెత్తారు. నేను పాత జాబితా తెచ్చి "మంచినీళ్ళు" నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

ఆ రోజుల్లో ఆయన చేసిన పని ఒకటి భార్య నాకు చూపించారు. తెల్లవారుజామున లేచి, పిల్లల కాపీ పుస్తకంలో ఎడమ చేత్తో చూచిరాత రాస్తున్నారు. ఒకే మాట పేజీ మొత్తం. మొదటి వరుసలో అక్షరాలు గీత దాటి పోయాయి, చివరి వరుసకు కుదురుకున్నాయి. ఎవరూ చెప్పలేదు ఆయనకు. చేతిరాత బాగాలేని పిల్లలకు తాను ఇచ్చిన శిక్ష, ఇప్పుడు తనకు తాను ఇచ్చుకున్నారు. రెండు నెలల్లో పోయిన మాటలు దాదాపు అన్నీ తిరిగి వచ్చాయి, మొదటిసారి కంటే వేగంగా.

ఇప్పటి స్థితి

పక్షవాతం వచ్చి ఏడాదిన్నర దాటింది. స్కోరు ఇప్పుడు వందకు అరవై దాటింది. తీవ్ర స్థాయి నుంచి మధ్యస్థ స్థాయికి వచ్చారు. మూడు నాలుగు మాటల వాక్యాలు అంటారు. క్రియాంతాల్లో తప్పులు ఉన్నాయి, "నేను వెళ్తాడు" అంటారు, వెంటనే నాలుక కరుచుకుని దిద్దుకుంటారు. అలసిపోయిన సాయంత్రాల్లో మాట సన్నగిల్లుతుంది. ముఖం కనిపించని ఫోను కాల్ ఇంకా కష్టమే. గుంపులో నలుగురు ఒకేసారి మాట్లాడితే వదిలేస్తారు. ఆరు నెలలు దాటితే ఇక మాట రాదన్న అపోహ మనలో బలంగా ఉంది. ఆయన వాక్యాల్లో ఎక్కువ భాగం ఆరు నెలల తరువాతే వచ్చాయి.

శనివారాల్లో ముగ్గురు పిల్లలు ఇంటికి వచ్చి తెలుగు వాచకం చదువుతారు, ఆయన దిద్దుతారు. సన్మానం ఆ బ్యాచ్ వాళ్ళు ఇటీవల మాస్టారి ఇంటి వరండాలోనే చేశారు. మైకు పెట్టలేదు. ఆయన శాలువా తీసుకుని భార్య భుజం మీద కప్పారు, "ఈమె... ఆగింది" అన్నారు. పక్కనున్నవాళ్ళలో కొందరికి అర్థం కాలేదు. కండక్టరుకు అర్థమైంది.

ప్రస్తుతం పెట్టుకున్న లక్ష్యం హైదరాబాద్‌లో ఉన్న కూతురితో వీడియో లేకుండా మూడు నిమిషాలు ఫోనులో మాట్లాడటం. దానికి ఇరవై క్రియల జాబితా తయారైంది. కండక్టరుకు ఈ నెల నుంచి దూరప్రాంత సర్వీసు డ్యూటీ పడింది, ఆదివారాలు రాలేడు. ఆ గంట మెకానిక్కు తీసుకున్నాడు. అతనికి గొంతు తగ్గించడం ఇంకా నేర్పాలి. వచ్చే వారం కండక్టరు, అతనూ కలిసి మాస్టారి దగ్గర కూర్చుంటారు.